చూపు ఆనినంతే వేగం

మామూలు పల్లె రోడ్డు మీద తారు వెడల్పు 3.75 మీటర్లు. బస్సు గానీ లారీ గానీ 2.6 మీటర్ల వెడల్పు దాకా ఉండొచ్చని చట్టం చెబుతోంది. అలాంటివి రెండు ఎదురుపడితే 5.2 మీటర్లు కావాలి. ఈ లెక్క కుదరదని బడికెళ్లే పిల్లాడైనా చెప్పేస్తాడు. అయినా పొద్దున లేస్తే కాలేజీ బస్సు, పాల వ్యాను, ఇసుక ట్రాక్టరు, కూలీల ఆటో... అన్నీ ఆ రోడ్డు మీదే ఎదురెదురుగా వస్తున్నాయి, ఒకదాన్నొకటి దాటుకుని వెళ్తున్నాయి.

ఎలాగంటే, ఎవరో ఒకరు తారు దిగుతారు. దిగడానికి చోటుంటే ఇద్దరూ ఇంటికి చేరతారు. లేకపోతేనే మర్నాడు జిల్లా పేజీలో వార్త అవుతుంది.

రోడ్డు ప్రమాదం అనగానే మన కళ్లముందు మెదిలేది జాతీయ రహదారి. నాలుగు వరుసలు, నూరు దాటిన వేగం, నుజ్జయిన కారు. కానీ లెక్కలు ఇంకో మాట చెబుతున్నాయి. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో జాతీయ రహదారుల మీద పోయినవారు 61,038 మంది. రాష్ట్ర రహదారుల మీద 41,012 మంది. మిగిలిన 66,441 మంది ఈ రెండూ కాని ‘ఇతర రోడ్ల’ మీద పోయారు. జిల్లా రోడ్లు, ఊరి రోడ్లు, పట్టణాల్లోని వీధులు అన్నీ ఆ పద్దులోనివే. అంటే నూటికి 39 మంది. పేరూ నంబరూ ఎవరికీ గుర్తుండని రోడ్లే అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసుకుంటున్నాయన్నమాట!

కాగితం మీద ఉంది... నేల మీద లేదు

మన దేశంలో రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసేది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. 1934లో ఏర్పడిన సంస్థ. పల్లె రోడ్ల కోసం 2002లో ప్రత్యేకంగా ఒక కరదీపిక తెచ్చింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లకు ఆధారం అదే.

ఆ పుస్తకం రాసినవాళ్లకు రెండు బస్సుల లెక్క తెలియదా? తెలుసు. అందుకే మైదాన ప్రాంతంలో తారు 3.75 మీటర్లున్నా, అటూ ఇటూ మట్టి బెర్ములతో కలిపి రోడ్డు మొత్తం 7.5 మీటర్లుండాలన్నారు. బెర్ము అంటే తారు అంచు నుంచి పక్క వాలు మొదలయ్యే దాకా ఉండే చదునైన మట్టి భాగం. ఒక్కో వైపు దాదాపు 1.9 మీటర్లు. బండ్లు మరీ తక్కువగా తిరిగే రోడ్లకు ఈ కొలతలు ఇంకొంచెం తగ్గుతాయి. బస్సులు రెండూ చెరో చక్రం బెర్ము మీదికి దించితే 5.2 మీటర్లు సర్దుకుపోతాయి. అంటే పల్లె రోడ్డులో సగం ప్రాణం తారులో ఉంటే మిగతా సగం బెర్ములో ఉంది.

ఇప్పుడు ఏ పాత రోడ్డు మీదికైనా వెళ్లి చూడండి. ఆ మట్టి ఎక్కడుంది? వానలకు కొంత కొట్టుకుపోయింది. పక్క పొలం గట్టు ఏడాదికి జానెడు చొప్పున కొంత మింగేసింది. ఒకచోట మంచినీళ్ల పైపు కోసం తవ్వి అలాగే వదిలేశారు. ఇంకోచోట కంకర కుప్ప, గడ్డివాము, పేడదిబ్బ. కోతలయ్యాక రోడ్డు సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. రైతుకు కళ్లం లేదు మరి, ఏం చేస్తాడు? కాకపోతే ఆ రాశి అంచున రాత్రిపూట పెట్టే బండరాళ్లు మోటారు సైకిలు మీద వచ్చేవాడికి కనిపించవు.

దీనికి తోడు మరమ్మతుల వల్ల పుట్టే ఇబ్బంది ఒకటుంది. పాత తారు మీదే కొత్త పొర వేస్తారు. నాలుగైదేళ్లకు ఇంకో పొర. రోడ్డు పైకి లేస్తుంది, బెర్ము ఉన్నచోటే ఉండిపోతుంది. రెండింటి మధ్యా బెత్తెడు ఎత్తు తేడా. ఎదురుగా లారీ వచ్చిందని ద్విచక్ర వాహనం తారు దిగితే, తిరిగి ఎక్కేటప్పుడు టైరు ఆ అంచుకు ఒరుసుకుని బండి పడిపోతుంది. పడేది లారీ కిందికే కావచ్చు. కొత్తగా రోడ్డు వేశారన్న సంబరంలో ఈ అంచును ఎవరూ పట్టించుకోరు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనదారులేనన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. నడిచి వెళ్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవారు నూటికి మరో 19 మంది.

పడవల గట్టు మీద బస్సులు

ఇరుకు రోడ్డు కష్టం పూర్తిగా అర్థం కావాలంటే గోదావరి డెల్టాకు వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తూర్పు డెల్టాకూ, కోనసీమకూ, పశ్చిమ డెల్టాకూ కాలువలు వెళ్లాయి. ఆ కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, సరుకుల రవాణాకు దారులుగానూ ఉండేవి. గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవారు. కాలువ తవ్వగా వచ్చిన మట్టే గట్టు. ఆ గట్టే కాలిబాట, తర్వాత బండ్ల బాట, ఆ తర్వాత కంకర రోడ్డు, చివరికి తారు రోడ్డు.

మనిషి నడకకు కట్టిన గట్టు మీద ఇప్పుడు నలభై మందిని ఎక్కించుకున్న బస్సు పోతోంది. ఒక పక్క నిండు కాలువ. రెండో పక్క పల్లంలో వరిచేను, లేదంటే గుమ్మాలు రోడ్డు మీదికే తెరుచుకునే ఇళ్లు. కాలువ ఎక్కడ తిరిగితే రోడ్డూ అక్కడే తిరగాలి. మలుపును సరిచేద్దామంటే ఇటు నీళ్లు, అటు ఎవరిదో జిరాయితీ. కింద ఉన్నది చాలాచోట్ల నల్లమట్టి. ఎండాకాలంలో కాలువ కట్టేస్తే బీటలు తీస్తుంది, నీళ్లు వదిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఆ అంచు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. లోడు లారీ చక్రం దిగాక తెలుస్తుంది సంగతి.

అన్నిటికన్నా మోసం చేసేది గుర్రపుడెక్క. కాలువ నిండా పచ్చగా అల్లుకుపోతే, చీకట్లో కొత్తగా వచ్చినవాడికి అది నీళ్లని తోచదు. రోడ్డు పక్క గడ్డి నేల అనుకుంటాడు. ఎదుటి బండి లైట్లు కళ్లలో పడగానే ఆ పచ్చదనం మీదికే తిప్పుతాడు.

ఇది ఒక్క డెల్టా కథే కాదు. కాలువ పక్కన రోడ్డున్న ప్రతిచోటా ఇంతే. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పడమటి తండా దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. పదిహేను మంది పోయారు. రెండుచోట్లా ఎక్కువమంది పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లే. ఆ సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించారు.

ఇలాంటివి జరిగినప్పుడు మొదటి ప్రశ్న ‘తప్పు డ్రైవరుదేనా?’ అనే. డ్రైవరుదే కావచ్చు. ట్రాక్టరు తొట్టిలో మనుషుల్ని ఎక్కించడమూ తప్పే. బస్సులో కిక్కిరిసి వెళ్లడమూ తప్పే. అవన్నీ అడగాల్సిందే. కానీ రెండో ప్రశ్న కూడా ఉంది. ఒక్క క్షణం చెయ్యి తడబడితే దానికి ఇంతమంది ప్రాణాలా? మంచి రోడ్డు అంటే మనిషి తప్పు చేయడని నమ్మి వేసేది కాదు. చేస్తాడని తెలిసి, చేసినా బతికి బయటపడేలా వేసేది.

ఇద్దరి చూపూ కలవాలి

ఇరుకు రోడ్డుకూ వెడల్పు రోడ్డుకూ ఒక పెద్ద తేడా ఉంది. రోజూ బండి నడిపేవాళ్లలోనూ చాలామంది దాన్ని పట్టించుకోరు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఎదుట గేదె అడ్డం వచ్చిందనుకుందాం. కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీద పడటానికి ఇంజినీర్లు రెండున్నర సెకన్లు వేసుకుంటారు. ఈలోపే బండి 28 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పడ్డాక పూర్తిగా ఆగడానికి ఇంకో పదిహేడు మీటర్లు. మొత్తం 45 మీటర్లు. వేగం 50 అయితే 60 మీటర్లు. 60 అయితే 80 మీటర్లు. ఇవి రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లోని అంకెలే.

రెండు వరుసల రోడ్డు మీద ఈ దూరం కనిపిస్తే ఆగడానికి చాలు. ఎదుటివాడు తన వరుసలో తాను వస్తాడు కాబట్టి. ఒకే వరుస ఉన్న రోడ్డు మీద అలా కాదు. గేదె నిలబడి ఉంటుంది గానీ, ఎదురొచ్చే బండి నిలబడి ఉండదు. అదీ మన వైపే దూసుకొస్తుంటుంది. ఇద్దరూ ఆగాలి. కాబట్టి కనిపించాల్సిన దూరం రెట్టింపు. 40 వేగానికి 90 మీటర్లు, 50 వేగానికి 120 మీటర్లు.

దీన్నే తిరగేసి చెప్పుకుంటే తేలిగ్గా గుర్తుంటుంది. ఇరుకు రోడ్డు మీద మనకు కనిపించే దూరంలో సగంలోపు ఆగగలిగేంతే మన వేగం ఉండాలి. అంతకు మించి ఒక్క కిలోమీటరు పెరిగినా, ఎదుటివాడు రాడులే అన్న నమ్మకంతో నడుపుతున్నట్టే.

మలుపులో సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి 40 మీటర్లకు మించి కనిపించడం లేదనుకోండి. ఒక్కొక్కరి వాటా 20 మీటర్లు. ఆ దూరంలో ఆగాలంటే వేగం 20కి మించకూడదు. సైకిలు కాస్త గట్టిగా తొక్కితే వచ్చే వేగం అది! అదే తుమ్మ కొట్టేస్తే 90 మీటర్లు కనిపిస్తుంది, 40తో హాయిగా వెళ్లొచ్చు. ఒక్క గజం భూమి సేకరించకుండా, ఒక్క బస్తా సిమెంటు వాడకుండా రోడ్డు మెరుగుపడిందన్నమాట.

వెడల్పు చేస్తే సరిపోదా?

ఏ ఊళ్లో అడిగినా మొదట వచ్చే కోరిక వెడల్పు. కోరడంలో తప్పులేదు. బండ్లు బాగా పెరిగిన చోట రెండు వరుసలు కావాల్సిందే. కానీ పాత రోడ్డు వెడల్పు చేయడం అనుకున్నంత తేలిక కాదు. భూమి కావాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం గ్రామాల్లో మార్కెట్ విలువకు రెండు నుంచి నాలుగు రెట్లు పరిహారం ఇవ్వాలి. రైతుకు అది న్యాయం. పల్లె రోడ్డు బడ్జెట్‌కు మాత్రం భారం. కాలువ వైపు పెంచాలంటే నీళ్లలోంచి గోడ లేపాలి. ఇళ్ల వైపు పెంచాలంటే అరుగులూ గుమ్మాలూ పోతాయి. తాతల నాటి నిద్రగన్నేరు చెట్లు నేలకూలతాయి.

అంతా అయ్యాక ఏమవుతుంది? రోడ్డు నున్నగా, తిన్నగా కనిపిస్తుంది. నలభైలో వెళ్లే కుర్రాడు డెబ్భై అందుకుంటాడు. కానీ మధ్యలో వంతెన వెడల్పు చేయరు, దాని పద్దు వేరు కాబట్టి. ఏడు మీటర్ల రోడ్డు ఒక్కసారిగా నాలుగు మీటర్ల తూముగా మారుతుంది. వెడల్పు చేయని పాత రోడ్డు మీద అందరూ భయపడుతూ వెళ్లేవాళ్లు. ఆ భయమే కొంత కాపాడేది. సగం వెడల్పు చేసిన రోడ్డు భయం పోగొడుతుంది, ప్రమాదాన్ని మాత్రం అలాగే ఉంచుతుంది.

అందుకే వెడల్పు చేసేటప్పుడు ఆ పొడవునా ఉన్న తూములూ, మలుపులూ, బడులూ కూడా అదే అంచనాలో ఉండాలి. లేదంటే వెడల్పు చేయలేని చోట వేగాన్ని తగ్గించే ఏర్పాటైనా ఉండాలి. రెండూ లేని వెడల్పు సగం పనే.

చిన్న పనులు, పెద్ద మేలు

భూమి దొరకని చోట కూడా చేయగలిగేవి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది బెర్ము. తారు పొర వేసిన ప్రతిసారీ పక్క మట్టినీ అదే ఎత్తుకు లేపి గట్టిగా తొక్కించాలి. తారు అంచును నిలువుగా వదలకుండా ఏటవాలుగా దించాలి. ఈ పని కాంట్రాక్టులో ఉందో లేదో, ఉంటే చేశారో లేదో చూసుకోవాల్సింది ఊరే.

రెండోది, ఆగి దారిచ్చే చోట్లు. బెర్ముకు వీల్లేని గట్ల మీద కిలోమీటరుకు రెండు మూడుచోట్ల కాస్త వెడల్పు చేసి వదిలితే చాలు. ఘాట్ రోడ్ల మీద ఇది పాత పద్ధతే. అక్కడికి వచ్చిన బండి ఆగి, ఎదుటిదాన్ని పోనిస్తుంది. అయితే ఆ చోటు ముందే తెలిసేలా బోర్డుండాలి. లేకపోతే పాత గొడవే... ఒకడు లైటు కొడితే ‘నేనొస్తున్నా, నువ్వాగు’ అని అర్థం. ఎదుటివాడికి అదే ‘నేనాగా, నువ్వు రా’ అని తోస్తుంది.

మూడోది మలుపు. మలుపులో పొడవాటి బండి వెనక చక్రాలు లోపలి వైపు కోసుకుపోతాయి. అందుకే ప్రమాణాల్లో మలుపు ఎంత బిగుతుగా ఉంటే దాన్నిబట్టి 60 నుంచి 90 సెంటీమీటర్ల అదనపు వెడల్పు చెప్పారు. లోపలి వైపు పొదలు ఏటా రెండుసార్లు కొట్టాలి. కొన్ని ఊళ్లలో మూలమీద ఉబ్బెత్తు అద్దాలు పెడుతున్నారు. మంచిదే, కానీ వాటిలో బండి చిన్నదిగా, ఇంకా దూరంలో ఉన్నట్టుగా కనిపిస్తుంది. అద్దం చూసి ఆగొచ్చు గానీ, అద్దం చూసి దూసుకెళ్లకూడదు.

నాలుగోది అంచు కనిపించడం. కాలువ వైపు తెల్లటి రాళ్లు, వాటిపై లైటు పడితే మెరిసే పట్టీలు, చెట్ల మొదళ్లకు తెలుపు నలుపు పట్టెలు, తారు అంచున తెల్లగీత. రాత్రిపూట ఇవే దారి చూపే చేతులు. ప్రమాదం ఎక్కువున్న మలుపుల్లో మాత్రం రాళ్లు చాలవు. బండిని ఆపగలిగే ఇనుప కమ్మీ కావాలి. వంతెనలకు కూలిన పిట్టగోడలు తిరిగి కట్టాలి.

ఇక స్పీడు బ్రేకరు. ప్రమాదం జరిగిన రాత్రే ఊరివాళ్లు కోపంతో వేసుకునేది ఇదే. అడుగు వెడల్పున గోడలాగా లేపేస్తారు. దాంతో నడుములు విరుగుతాయి, వెనక కూర్చున్న ఆడవాళ్లు ఎగిరిపడతారు. సరైన స్పీడు బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల నిడివి ఉండాలి. దాని మీద 25 వేగంతో వెళ్తే కుదుపు తెలియదు, మించితేనే తెలుస్తుంది. దానికి 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డుండాలి. ఊరి రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట ఇది తప్పనిసరి అవసరం. అక్కడ మూలమీద పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టి ఉంటే, ఆ నాయకుడి నవ్వు తప్ప వచ్చే లారీ కనిపించదు. ఫ్లెక్సీ తీయడానికి అయ్యే ఖర్చు ఎంత?

ఇంతకీ ఈ రోడ్డు ఎవరిది?

ఇన్ని చవకైన పనులుంటే ఎందుకు జరగవు? గట్టు జలవనరుల శాఖది. దానిమీది తారు రోడ్లు భవనాల శాఖదో పంచాయతీరాజ్‌దో. చెట్టు కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి. స్తంభం జరపాలంటే విద్యుత్తు సంస్థ. ఒక మలుపు సరిచేయడానికి నాలుగు కార్యాలయాల మెట్లెక్కాలి.

ఇంకో చిక్కు లెక్కల్లోనే ఉంది. జాతీయ రహదారులపై 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం గానీ తీవ్ర గాయాలు గానీ అయిన ప్రమాదాలు అయిదు జరిగితే, లేదా పది మంది చనిపోతే దాన్ని ‘బ్లాక్ స్పాట్’ అంటారు. నిధులు అటు కదులుతాయి. ఊరి రోడ్ల మీద ప్రమాదాలు ఒకేచోట కుప్పపడవు. ఈ ఏడాది ఈ మలుపులో ఒకరు, వచ్చే ఏడాది ఆ తూము దగ్గర ఇద్దరు. ఇలాంటి కొలతతో వెతికితే ఏ చోటూ నల్లచుక్క కాదు. రోడ్డంతా కలిపి చూస్తే మాత్రం నలుపే.

చట్టం కొంత మారింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే కొత్త సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా, వైకల్యం కలిగినా ఆ పనికి బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. డబ్బు సంగతి అలా ఉంచితే, తప్పు నడిపినవాడిది మాత్రమే కాదు, వేసినవాడిదీ కావచ్చని చట్టం ఒప్పుకోవడం ముఖ్యం. కలెక్టరు అధ్యక్షతన జిల్లా రహదారి భద్రతా కమిటీలు కూడా ఉన్నాయి. రాతపూర్వకంగా అడిగితే ఆ నాలుగు శాఖల్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టగలిగేది అవే.

ఇరుకు రోడ్లు మనకే ఉన్నాయనుకుంటే పొరపాటు. నెదర్లాండ్స్‌లోనూ పల్లెల్లో కాలువల పక్కన సన్నటి రోడ్లే. వాళ్లు వాటన్నిటినీ వెడల్పు చేయలేదు. చాలా రోడ్లకు 60 కిలోమీటర్ల వేగ పరిమితి పెట్టి, మధ్య గీత తీసేసి, అంచుల్లో తెగిన గీతలు గీశారు. మధ్య గీత ఉంటే తన సగం తనదేనని డ్రైవరు ధీమాగా వెళ్తాడు. అది లేకపోతే ఎదురుగా ఎవరొస్తున్నారోనని చూసుకుంటాడు. ఐర్లాండ్‌లో పల్లె రోడ్లు మరీ సన్నం, రెండు పక్కలా పొదల కంచెలు. అక్కడ 2025 ఫిబ్రవరి నుంచి గ్రామీణ స్థానిక రోడ్ల సాధారణ వేగ పరిమితిని 80 నుంచి 60కి దించారు. రోడ్డు మార్చలేనప్పుడు వేగం మార్చాలన్నదే ఇద్దరి సూత్రమూ. మన ప్రమాణాలు కూడా మైదానాల్లో పల్లె రోడ్లను 40 నుంచి 50 వేగానికే డిజైన్ చేయమంటున్నాయి. ఆ సంగతి చెప్పే బోర్డు ఎన్ని ఊళ్ల పొలిమేరల్లో ఉందో చూడండి.

అడుగులతో కొలవండి

ఈ పనికి ఇంజినీరు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పగటిపూట, బండ్లు తక్కువున్న వేళ, ఊళ్లో అందరూ భయపడే మలుపు దగ్గరికి ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి. మలుపుకు చెరో వైపు, తారు దిగి రోడ్డు అంచున నిలబడండి. ఒకరికొకరు కనిపించనంత దూరం వెళ్లి, మెల్లగా ఎదురెదురుగా రండి. తొలిసారి ముఖాలు కనిపించగానే ఆగిపోండి. ఇద్దరి మధ్యా రోడ్డు వెంట ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. పెద్దవాళ్ల అడుగు సుమారు ముప్పావు మీటరు. 120 అడుగులు వస్తే 90 మీటర్లు. ఆ మలుపులో 40 వేగం ఫరవాలేదు. ఎనభై అడుగులే వస్తే 60 మీటర్లు, వేగం 30కి మించకూడదు. యాభై అడుగులైతే అక్కడ 20 కూడా ఎక్కువే.

ఆ అంకె కాగితం మీద రాసి, మలుపు ఫొటో జతచేసి గ్రామసభలో పెట్టండి. ‘రోడ్డు వెడల్పు చేయించండి’ అన్న అర్జీకి నిధుల్లేవన్న జవాబు తేలిగ్గా వస్తుంది. ‘ఈ మలుపులో యాభై అడుగులే కనిపిస్తోంది, పొదలు కొట్టి, తెల్లరాళ్లు పాతి, 20 బోర్డు పెట్టండి’ అన్న అర్జీకి అంత తేలిగ్గా జవాబు చెప్పలేరు. పొదల వరకైతే అర్జీ కూడా అక్కర్లేదు, నాలుగు కత్తులు చాలు.

ఆ బోర్డు వచ్చేదాకా ఆ అంకెను ఇంట్లో బండి తాళం తీసుకునే ప్రతివాళ్లకూ చెప్పండి. ముఖ్యంగా కొత్తగా బండి చేతికొచ్చిన పిల్లలకు.